తేదీ ఒక్కచోట మారిస్తే.. అన్నిచోట్లా మారాలి!

ఏదో నోటిఫికేషన్‌కి చివరి తేదీ ఎప్పుడో చూద్దామని ఫోన్‌ తీస్తారు. ఒక సైట్‌లో 15 అని ఉంటుంది. ఇంకోదాంట్లో 17. స్నేహితుడు టెలిగ్రామ్‌లో పంపిన ఫొటోలో 20. ఏది నిజం? బహుశా మూడూ ఏదో ఒకరోజు నిజమే. మధ్యలో తేదీ మారింది. మారిన సంగతి అన్నిచోట్లకీ చేరలేదు, అంతే.

ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లలో ఈ అవస్థ పడనివాళ్లు ఉండరు. విసుక్కుంటాం, అసలు సైట్‌కి వెళ్లి చూసుకుంటాం, మర్చిపోతాం. ఈసారి మాత్రం మర్చిపోవద్దని అడుగుతున్నా. ఎందుకంటే ఆ పాత తేదీని అలా వదిలేసిన మనిషిని ఒకప్పుడు నేనే. దాన్ని సరిచేసుకోవడానికి నేర్చుకున్న పనే నాకు తర్వాతి ఉద్యోగాన్ని తెచ్చిపెట్టింది. మీ ప్రాజెక్టుకీ, రెజ్యూమెకీ పనికొచ్చే సంగతి ఇందులో ఉంది.

తొమ్మిదో సైట్‌

బీటెక్‌ అయ్యాక హైదరాబాద్‌లో ఓ చిన్న వెబ్‌ సంస్థలో చేరాను. ఓ విద్యాసంస్థల గ్రూపు వెబ్‌సైట్లు చూసుకోవడం నా పని. గ్రూపుకి ఒక ప్రధాన సైట్‌, ఎనిమిది కాలేజీలకి ఎనిమిది. అన్నీ వర్డ్‌ప్రెస్‌లో చేసినవే కానీ దేనికది విడి. తొమ్మిది లాగిన్‌లు, తొమ్మిది పాస్‌వర్డ్‌లు. నోటీసు వస్తే ప్రధాన సైట్‌లో పెట్టి, కాపీ చేసి మిగతా ఎనిమిదింట్లో అతికించేవాణ్ని. నాలుగేళ్లు ఇంజినీరింగ్‌ చదివింది ఇందుకా అనిపించేది. జీతం వస్తోంది కదా అని సర్దుకునేవాణ్ని.

అడ్మిషన్ల సమయం. మిగిలిన సీట్లకి సర్టిఫికెట్ల పరిశీలన 17న అని నోటీసు వచ్చింది. తొమ్మిదింట్లో పెట్టాను. రెండ్రోజులకి ఆ తేదీని 15కి జరిపారు. మళ్లీ ఒక్కోటీ తెరిచి దిద్దడం మొదలుపెట్టా. ఎనిమిది అయ్యాయి. ఫోన్‌ మోగింది. వేరే అర్జెంటు పని చెప్పారు, అందులో పడిపోయాను. తొమ్మిదో సైట్‌లో 17 అలాగే ఉండిపోయింది.

17న పొద్దున్నే ఒక తండ్రీ కూతురూ రాత్రి బస్సు దిగి ఆ కాలేజీకి వచ్చారు. చేతిలో మేం పెట్టిన నోటీసు ప్రింటవుట్‌. పరిశీలన ముగిసి అప్పటికి రెండ్రోజులైంది. ఆ అమ్మాయి కోరుకున్న బ్రాంచిలో సీటు మిగల్లేదు. ఈ సంగతి మధ్యాహ్నం ఫోన్‌లో చెప్పారు. వాళ్లని నేను చూడలేదు, పేర్లు కూడా తెలియవు. అయినా ఆ ప్రింటవుట్‌ మాట ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటుంది.

‘ఇకమీదట చెక్‌లిస్టు పెట్టుకో’ అన్నారు మా మేనేజర్‌. పెట్టుకున్నా. నెల తిరక్కుండానే చెక్‌లిస్టులో టిక్కు పెట్టేసి, సైట్‌లో మార్చడం మరిచిపోయిన రోజూ వచ్చింది. అప్పుడు తెలిసొచ్చింది. ఒకే మాటను తొమ్మిదిచోట్ల చేత్తో దిద్దాల్సి ఉన్నంతకాలం ఎంత జాగ్రత్తపరుడైనా ఏదో ఒకరోజు తప్పుతాడు. అంటే దిద్దే పద్ధతే మారాలి.

ఒక మూలం.. ఎన్నో కాపీలు

వర్డ్‌ప్రెస్‌ను మాట్‌ ములెన్‌వెగ్‌, మైక్‌ లిటిల్‌ 2003లో మొదలుపెట్టారు. అంతకుముందున్న ‘బీ2’ అనే ఓపెన్‌సోర్స్‌ ప్రోగ్రాం ఆగిపోతే, దాని కోడ్‌ మీదే కట్టుకుంటూ వచ్చారు. ఇవాళ ప్రపంచంలోని ప్రతి 100 వెబ్‌సైట్లలో 40కి పైగా దీనిమీదే నడుస్తున్నాయి. ఒకే ఇన్‌స్టలేషన్‌లో చాలా సైట్లు నడిపే వీలు మొదట్లో ‘వర్డ్‌ప్రెస్‌ ఎంయూ’ అనే వేరే ప్రోగ్రాంలో ఉండేది. 2010 జూన్‌లో వచ్చిన 3.0 వెర్షన్‌తో అది ‘మల్టీసైట్‌’ పేరిట అసలు వర్డ్‌ప్రెస్‌లో కలిసిపోయింది. వర్డ్‌ప్రెస్‌.కామ్‌లోని లెక్కలేనన్ని సైట్లు నడిచేదీ ఈ పద్ధతిలోనే.

ఒకే వేదిక మీద ఎన్నో సైట్లు అనే ఆలోచన మనకి దూరమైందేం కాదు. మీ జిల్లా అధికారిక వెబ్‌సైట్‌, పక్క జిల్లాది పక్కపక్కనే తెరిచి చూడండి. మెనూలు, అమరిక, అడుగున రాసే మాటలు అన్నిట్లోనూ పోలిక కనిపిస్తుంది. ప్రభుత్వ సైట్ల కోసం నేషనల్‌ ఇన్ఫర్మేటిక్స్‌ సెంటర్‌ ‘ఎస్‌3వాస్‌’ అనే ఉమ్మడి వేదికను నడుపుతోంది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ప్రతి కొత్త జిల్లాకీ సైట్‌ను మొదటి అక్షరం నుంచీ రాసుకుంటూ కూర్చుంటే ఎప్పటికి తెమిలేది?

అయితే ఇల్లు అలకగానే పండగ కాదు. మల్టీసైట్‌ పెట్టినంత మాత్రాన నోటీసులు వాటంతటవే అన్ని సైట్లకీ వెళ్లవు. అందులో యూజర్ల పట్టిక ఉమ్మడి. పోస్టుల పట్టిక ఏ సైట్‌కి ఆ సైట్‌దే. ఒక సైట్‌ గోడ దాటి ఇంకో సైట్‌లోకి సమాచారం వెళ్లాలంటే మధ్యలో ఎవరో మోయాలి. ఆ మోసే పని ప్లగిన్‌ది.

ఇందుకు ‘బ్రాడ్‌కాస్ట్‌’, ‘డిస్ట్రిబ్యూటర్‌’ లాంటి ప్లగిన్‌లు ఉన్నాయి. మొదటిది ఒకే మల్టీసైట్‌లోని సైట్ల మధ్య పోస్టులను పంచుతుంది. టెన్‌అప్‌ అనే సంస్థ తయారుచేసిన రెండోది, వేర్వేరు సర్వర్లలో విడివిడిగా ఉన్న వర్డ్‌ప్రెస్‌ సైట్లనీ రెస్ట్‌ ఏపీఐ ద్వారా కలపగలదు. దీంట్లో రెండు దారులు. మన సైట్‌ నుంచి అవతలి సైట్‌కి పంపడం ‘పుష్‌’. అవతల ఉన్నదాన్ని మనవైపు లాక్కోవడం ‘పుల్‌’.

అసలు కిటుకు పంపడంలో లేదు, పంపిన తర్వాత ఉంది. నేను చేత్తో అతికించిన నోటీసుకి తాను ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియదు. ప్లగిన్‌ పెట్టిన కాపీకి తెలుస్తుంది. ‘నేను ఫలానా సైట్‌లోని ఫలానా నంబరు పోస్టుకి కాపీని’ అన్న సంగతి డేటాబేస్‌లో దానితోపాటే రాసి ఉంటుంది. అందుకే మూలంలో 17ని 15 చేయగానే కాపీల్లోనూ 15 అవుతుంది. ఏదైనా కాలేజీ తన నోటీసును తనే విడిగా దిద్దుకుంటానంటే ఆ లింకు తెంపుకోవచ్చు. అక్కణ్నుంచి దాని మంచిచెడ్డలు దానివే.

ఇంత చిన్న పనిలో అంత సిలబస్‌

‘ప్లగిన్‌ ఇన్‌స్టాల్‌ చేయడం కూడా ఒక పనేనా’ అంటారేమో. ఇన్‌స్టాల్‌ చేసి ఊరుకుంటే కాదు. దాన్ని మీరే చిన్నగా రాయడానికి కూర్చోండి. మూడేళ్లు పరీక్షల కోసం బట్టీపట్టిన పాఠాలన్నీ ఒక్కొక్కటిగా తలుపు కొడతాయి.

మొదటిది డీబీఎంఎస్‌. ‘అప్‌డేట్‌ అనామలీ అంటే ఏమిటి?’ అన్న ప్రశ్నకి మనమంతా జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. ఒకే సమాచారం చాలాచోట్ల ఉండి, కొన్నిచోట్లే మారితే వచ్చే పొరపాటు అది. 1970లో ఎడ్గర్‌ కాడ్‌ రిలేషనల్‌ మోడల్‌ను ప్రతిపాదించిన కొద్దికాలానికే ఈ చిక్కు మీద చర్చ మొదలైంది. పరీక్షలో నేనూ నిర్వచనం రాశాను. దాని అసలు ముఖం మాత్రం తొమ్మిదో సైట్‌లోనే చూశాను. ఇక్కడ ఇంకో మెలిక. ప్లగిన్‌ కూడా కాపీలు చేస్తోంది కదా, మరి నార్మలైజేషన్‌ ఏమైనట్టు? ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వస్తే తడుముకోవద్దు. కాపీలు ఉండటంతో చిక్కు లేదు, ఏది మూలమో తెలియకపోవడమే చిక్కు అని చెప్పి, మీ కోడ్‌లో ఆ సంగతి ఎక్కడ రాసిపెట్టారో చూపించండి.

రెండోది ఐడీల గొడవ. నేను మొదటిసారి సొంతంగా రాసిన ప్లగిన్‌ ప్లేస్‌మెంట్‌ నోటీసును పక్క సైట్‌కి భేషుగ్గా పంపింది. ఫొటో స్థానంలో మాత్రం క్యాంటీన్‌ వచ్చింది! ప్రధాన సైట్‌లో 45వ నంబరు బొమ్మ ప్లేస్‌మెంట్‌ పోస్టర్‌. పక్క సైట్‌లో 45 అంటే క్యాంటీన్‌ ఫొటో. నేను బొమ్మను పంపకుండా నంబరు పంపాను. ప్రైమరీ కీ తన పట్టికలోనే గొప్ప, గడప దాటితే దానికి విలువ లేదు. కేటగిరీలకీ ఇదే గొడవ. బొమ్మను అవతలి సైట్‌లోకి ఎక్కించి, అక్కడ వచ్చిన కొత్త నంబరును జతచేయాలి.

మూడోది అంతులేని లూప్‌. పోస్టు సేవ్‌ అయినప్పుడల్లా వర్డ్‌ప్రెస్‌ ‘సేవ్‌ పోస్ట్‌’ అనే హుక్‌ను పిలుస్తుంది. మన కోడ్‌ అక్కడ తగులుకుని పక్క సైట్‌లో కాపీని సేవ్‌ చేస్తుంది. అదీ సేవ్‌ చేయడమే కాబట్టి హుక్‌ మళ్లీ మోగుతుంది. మన కోడ్‌ మళ్లీ లేచి ఇంకో కాపీ చేస్తుంది. చూస్తుండగానే వందల పోస్టులు, ఆ తర్వాత సర్వర్‌ చేతులెత్తేస్తుంది. కాపీ చేసే ముందు మన హుక్‌ను తాత్కాలికంగా తీసేసి, అయ్యాక మళ్లీ తగిలించాలి. రికర్షన్‌లో ‘బేస్‌ కండిషన్‌’ ఎందుకని లెక్చరర్‌ అంతగా చెప్పారో ఈ దెబ్బతో ఒంటబడుతుంది.

నాలుగోది నమ్మకం. ఒక సైట్‌లోకి ఇంకో సైట్‌ రాయగలుగుతోందంటే తాళంచెవి ఇచ్చినట్టే. ఎవరికి ఇస్తున్నారు? పోస్టు రాసే అధికారం లేని యూజర్‌ ఆ బటన్‌ నొక్కితే ఏమవుతుంది? 2020 డిసెంబరులో వచ్చిన 5.6 వెర్షన్‌ నుంచి వర్డ్‌ప్రెస్‌లో ‘అప్లికేషన్‌ పాస్‌వర్డ్‌’లు ఉన్నాయి. అసలు పాస్‌వర్డ్‌ ఇవ్వకుండా ఒక్కో అనుసంధానానికి ఒక్కోటి ఇవ్వొచ్చు, అనుమానం వస్తే దాన్నొక్కదాన్నే రద్దు చేయొచ్చు. అడ్మిన్‌ పాస్‌వర్డ్‌ను కోడ్‌లో రాసి గిట్‌హబ్‌లో పెట్టేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ జాబితాలో మీరు చేరొద్దు.

అయిదోది సెర్చ్‌. ఒకే నోటీసు తొమ్మిది చిరునామాల్లో ఉంటే గూగుల్‌ దేన్ని చూపించాలి? పేజీ లోపల ‘కెనానికల్‌’ లింకు పెట్టి అసలు పేజీ ఏదో చెప్పే పద్ధతిని 2009 ఫిబ్రవరిలో గూగుల్‌, యాహూ, మైక్రోసాఫ్ట్‌ కలిసి తెచ్చాయి. డిస్ట్రిబ్యూటర్‌ ఆ లింకును తనంత తానే మూలానికి పెడుతుంది. మీరు సొంతంగా రాస్తే మీరే పెట్టాలి.

ఇవన్నీ అయ్యాక అసలు పరీక్ష. నోటీసు పంపే సమయానికి ఒక సైట్‌ పడిపోయి ఉంటే? తర్వాత మళ్లీ ప్రయత్నించేలా రాయాలి. ఆ పని వర్డ్‌ప్రెస్‌లోని ‘క్రాన్‌’కి అప్పగిస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అది గడియారం చూసి నడవదు, సైట్‌కి ఎవరైనా వచ్చినప్పుడే లేస్తుంది. జనం రాని సైట్‌లో దాని పని ఎక్కడిదక్కడే. మళ్లీ పంపినప్పుడు రెండో కాపీ పుట్టకుండా పాతదాన్నే దిద్దాలి. పెద్ద కంపెనీల ఇంటర్వ్యూల్లో ‘ఐడెంపొటెన్సీ’ అంటూ అడిగేది ఇదే.

పంచుకోవడం వేరు.. ఎత్తుకోవడం వేరు

ఒక హెచ్చరిక. పక్కవాళ్ల సైట్ల నుంచి రాతల్ని లాగి మన సైట్‌లో నింపే ప్లగిన్‌లూ దొరుకుతాయి. వాటితో ఒక్కరోజులో ‘జాబ్స్‌ పోర్టల్‌’ పెట్టేయొచ్చని చెప్పేవాళ్లూ ఉంటారు. అనుమతి లేకుండా ఇతరుల రాతల్ని పెట్టుకుంటే కాపీరైట్‌ చిక్కులు తప్పవు. అంతకంటే పెద్ద నష్టం చదివేవాళ్లకి. అక్కడ తేదీ మారితే ఇక్కడ మారదు. మొదట్లో చెప్పిన 15, 17, 20ల గందరగోళంలో పెద్ద వాటా ఇలాంటి సైట్లదే. బాధపడిన మనమే రేపు దాన్ని పెంచకూడదు.

రెండు అభ్యంతరాలు

‘వర్డ్‌ప్రెస్‌ అంటే ఇంటర్వ్యూల్లో చిన్నచూపు కదా’ అని జూనియర్లు అడుగుతుంటారు. నిజమే, ‘వర్డ్‌ప్రెస్‌ తెలుసు’ అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ పట్టించుకోరు. పైథాన్‌ తెలుసు, జావా తెలుసు అని రాసినా అంతే. పక్కనే ఆన్‌లైన్‌ షాపింగ్‌ సైట్‌, స్టూడెంట్‌ మేనేజ్‌మెంట్‌ సిస్టం అని రాసిన వంద రెజ్యూమెలు ఉంటాయి. వాటిలో కొనుక్కొచ్చినవి ఎన్నో అడిగేవాళ్లకి తెలుసు. అరువు సొమ్ము బరువు చేటన్నారు పెద్దలు. కొన్న ప్రాజెక్టు రెండో ప్రశ్నకే బరువెక్కుతుంది. అదే ‘మూడు సైట్ల మధ్య నోటీసులు పంచే ప్లగిన్‌ రాశాను. మూలంలో తేదీ మారిస్తే కాపీల్లో మారుతుంది. బొమ్మల ఐడీల సమస్యను ఇలా పరిష్కరించాను’ అని రాయండి. ప్రశ్నలు మీకు తెలిసిన దారిలోకే వస్తాయి. నా రెండో ఉద్యోగం ఇంటర్వ్యూలో క్యాంటీన్‌ ఫొటో సంగతి చెప్పాను. నవ్వారు. ఆ తర్వాత చాలాసేపు దాని మీదే మాట్లాడుకున్నాం.

‘ఏఐని అడిగితే ప్లగిన్‌ కోడ్‌ నిమిషంలో ఇచ్చేస్తుంది కదా’ అన్నది రెండోది. ఇస్తుంది. వాడుకోండి, తప్పేం లేదు. కానీ ఏ నోటీసు అన్నిచోట్లకీ వెళ్లాలి, ఏది వెళ్లకూడదు, మూలాన్ని తొలగిస్తే కాపీలు ఉండాలా పోవాలా, తప్పు జరిగితే ఎవరికి కబురు వెళ్లాలి.. ఇవన్నీ ఆ కాలేజీ ఆఫీసులో కూర్చున్న మనిషిని అడిగి తెలుసుకోవాల్సినవి. గుమస్తాతో పది నిమిషాలు మాట్లాడి, ఆయన ఇబ్బందిని నాలుగు వాక్యాల్లో రాయగలిగినవాడికే ఏఐ కూడా బాగా పనిచేసి పెడుతుంది.

నెల రోజులు చాలు

ఖరీదైన కోర్సు అక్కర్లేదు. మొదటి వారం ల్యాప్‌టాప్‌లో ఎక్స్‌ఏఎంపీపీ వేసుకుని వర్డ్‌ప్రెస్‌ మల్టీసైట్‌ పెట్టండి. మూడు సైట్లు చేయండి. ల్యాప్‌టాప్‌ బలహీనంగా ఉంటే ‘వర్డ్‌ప్రెస్‌ ప్లేగ్రౌండ్‌’ ఉంది. ఏమీ ఇన్‌స్టాల్‌ చేయకుండా బ్రౌజర్‌లోనే వర్డ్‌ప్రెస్‌ నడుస్తుంది. కాకపోతే సేవ్‌ చేసుకోకుండా పేజీ రిఫ్రెష్‌ చేస్తే చేసిందంతా పోతుంది, జాగ్రత్త. రెండో వారం ఉన్న ప్లగిన్‌ను పెట్టి వాడండి. పోస్టు పంపాక డేటాబేస్‌ తెరిచి ఏ పట్టికలో ఏం మారిందో చూడండి. దాని కోడ్‌ చదవండి, ఓపెన్‌సోర్స్‌ కాబట్టి దాచేదేం లేదు. మూడో వారం సొంతంగా చిన్నది రాయండి. ఒక్క శీర్షిక, ఒక్క తేదీ, ఒక్క బొమ్మ వెళ్తే చాలు. నాలుగో వారం దాన్ని మీరే పగలగొట్టండి. ఒక సైట్‌ ఆపేసి పంపండి, అధికారం లేని యూజర్‌తో పంపండి, ఒకే బటన్‌ను పదిసార్లు నొక్కండి. ఏం విరిగిందో, ఎలా అతికించారో రాసి కోడ్‌తోపాటు గిట్‌హబ్‌లో పెట్టండి.

తెలుగు బాగా వచ్చినవాళ్లకి ఇంకో తలుపు కూడా తెరిచే ఉంది. వర్డ్‌ప్రెస్‌, దాని ప్లగిన్‌లలోని మాటల్ని తెలుగులోకి తెచ్చే పని స్వచ్ఛందంగా నడుస్తుంది. వర్డ్‌ప్రెస్‌.ఆర్గ్‌లో ఖాతా ఉంటే ఎవరైనా అనువాదం సూచించవచ్చు. ఓపెన్‌సోర్స్‌లో మొదటి అడుగు కోడ్‌తోనే పడాలని ఎక్కడా లేదు.

చివరిగా ఒక పని ఇవాళే చేయండి. మీ రెజ్యూమె ఎన్ని చోట్ల ఉందో లెక్కపెట్టండి. నౌక్రీలో ఒకటి, లింక్డ్‌ఇన్‌లో ఒకటి, కాలేజీ ప్లేస్‌మెంట్‌ సెల్‌లో ఒకటి, కన్సల్టెన్సీకి మెయిల్‌ చేసింది ఒకటి. అన్నిట్లో ఒకే ఫోన్‌ నంబరు ఉందా? సెకండియర్‌లో వదిలేసిన సిమ్‌ నంబరు ఎక్కడైనా మిగిలిపోయిందా? ఉంటే, మిమ్మల్ని పిలవాలనుకున్న హెచ్‌ఆర్‌ ఫోన్‌ ఇంకెవరింట్లోనో మోగుతుంటుంది. మీకూ ఒక తొమ్మిదో సైట్‌ ఉందన్నమాట.

ముందు దాన్ని దిద్దండి. ఆ తర్వాత మీ కాలేజీ ఆఫీసుకి వెళ్లి, నోటీసులు ఎన్నిచోట్ల పెడుతున్నారో, తేదీ మారితే ఎవరు మారుస్తున్నారో అడగండి. మీ ఫైనలియర్‌ ప్రాజెక్టు అక్కడే దొరకొచ్చు. రాత్రి బస్సెక్కి వచ్చే ఎవరో ఒకరికి సరైన తేదీ కూడా దొరుకుతుంది.